ఆ గడి నింపేది ఆమె

ధర్మవరంలో అమావాస్యనాడు మగ్గం ఆడదు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు, ఎవరూ అడగరు. మిగతా రోజుల్లో ఏ సందులోకి తిరిగినా టకటకమని చెవులు హోరెత్తించే ఊరు ఆ రోజు మూగనోము పట్టినట్టు ఉంటుంది. పట్టుచీరల అంగళ్లు కూడా తలుపులు వేసేస్తాయి. తీసినా లాభం లేదు. అమావాస్యనాడు పెళ్లిచీర కొని ఇంటికి తెచ్చినవాణ్ని ఆ ఇంటి ముసలమ్మలు బతకనిస్తారా?

అందుకే నేను అమావాస్యను ఎంచుకున్నాను. చాలా తెలివైన పని చేస్తున్నానని అనుకున్నాను కూడా. ఆ తెలివికి మూల్యం చెల్లించింది నేను కాదు. చెల్లించి ఉంటే ఇలా తీరిగ్గా కూర్చుని రాసేవాణ్ని కాదేమో.

మాది గార్లదిన్నె పక్కన ఒక పల్లె. చెనక్కాయ పంట మా నాయనను ముంచని ఏడాది లేదు. ఆ చేను మీద పగ తీర్చుకోవడానికే ఆయన నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. చదివి, బెంగళూరులో రెండేళ్లు ఒక కంపెనీలో పనిచేసి, వాళ్లు ఇక వద్దన్నాక ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర చేరాను. ఆయనకు ఆన్‌లైన్‌లో ఒక అంగడి ఉంది. ఫోటో చూసి ఎక్కడెక్కడి వాళ్లో చీరలు కొంటారు. ఆ అంగడి నడిపే సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం నా పని. షావుకారుకు కంప్యూటర్ గురించి తెలిసింది ఒక్కటే, అది వేడెక్కితే ఫ్యాను తిప్పాలని. మనిషి మెత్తగా, బొద్దుగా ఉంటాడు, నోరు మాత్రం మంగలికత్తి.

మేడమీద గదిలో నాతోపాటు ఒకామె పనిచేసేది. వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. నేను అక్కా అనేవాణ్ని. ఇరవై ఏళ్లు ఆమె పడుగులు అతికే పని చేసింది. తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవస్తే దాన్ని కోసి పారేయరు. కొత్త పడుగు తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికిస్తారు. వేలికి బూడిద అద్దుకోవడం, రెండు పోగులు కలిపి ఒక్క మెలి తిప్పడం, పక్క పోగుకు పోవడం. ఒక్క పడుగుకు వేల పోగులు, వెంట్రుక కంటే సన్నం. అంతా అతికాక పాతదాన్ని లాగితే దాని వెంట కొత్తది మగ్గంలోకి వచ్చి కూర్చుంటుంది. ఈ పనిలో ఆమె కళ్లు అరిగిపోయాయి. ఇంకో రెండేళ్లు ఇదే చేస్తే ఉన్న చూపు కూడా పోతుందని అనంతపురం డాక్టరు చెప్పాడు. అప్పటికే భర్త నడుము పడిపోయి మంచం మీద ఉన్నాడు, ఇంట్లో మగ్గం మూలపడింది. షావుకారును కాళ్లావేళ్లా పడి బతిమాలుకుంటే ఆమెకు ఈ కుర్చీ దొరికింది. అది ఉంటే చూపు ఉంటుంది, పోతే మళ్లీ పోగులే. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే తెలుసు. తర్వాత తెలిసింది అని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

ఆమె పని చీరలకు ఫోటోలు తీసి, రంగు, అంచు, పొడవు కంప్యూటర్లో నింపడం, వచ్చిన ఫోన్లకు జవాబు చెప్పడం. చివర్లో ఒక గడి ఉంటుంది, ఈ చీర ఎన్ని ఉన్నాయి అని. మగ్గం మీద నేసిన చీర ఏదైనా ఒక్కటే ఉంటుంది, కాబట్టి ఆ గడిలో ఎప్పుడూ ఒకటే వేయాలి. ఎవరైనా కొన్న మరుక్షణం ఆ చీర అంగడిలోంచి మాయమవుతుంది. ఆమె తెర మీద అక్షరాలను ఎంత పెద్దవి చేసుకునేదంటే మూడు వరుసలకు మించి పట్టేవి కావు.

"అక్కా, ఇది కంప్యూటరా, సినిమా హాలా?" అనేవాణ్ని.

"నాకు బాల్కనీ టికెట్ ఇచ్చినార్లేప్పా" అని నవ్వేది.

ఆ గడిలో అంకె వేసేటప్పుడు తెర మీద వేలు పెట్టి "ఒకటి" అని పైకి అనేది. ప్రతి చీరకూ. రోజుకు ఇరవై సార్లు, ముప్పై సార్లు, ఒకటి, ఒకటి, ఒకటి. నాకు తల తిక్కగా ఉండేది. బడిపిల్లల్లా ఏమిటక్కా ఇది అని ఒకసారి విసుక్కున్నాను కూడా. "కండ్లను నమ్మనప్పా నేను, నోటినైతే నమ్ముతా" అంది.

ఆ ఏడు శ్రావణమంతా అంగడి సాఫ్ట్‌వేర్ నెత్తిమీద ఎర్రటి హెచ్చరిక వేలాడుతూ ఉంది, పాతబడింది, మార్చుకోండి అని. పాత సాఫ్ట్‌వేర్ అంటే గడియ ఊడిన తలుపే, ఏ దొంగైనా దూరవచ్చు. మార్చక తప్పదు. ఎలా మార్చాలో కూడా నాకు బాగా తెలుసు. ముందు అంగడి మొత్తానికి ఒక నకలు తీయాలి. ఆ నకలు మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. అక్కడ మనమే ఒక చీర కొన్నట్టు కొని చూడాలి, అది సరిగ్గా మాయమైందా లేదా అని. అంతా కుదిరాక అసలు అంగడికి 'కాసేపు మూసి ఉంది' అని బోర్డు తగిలించి, అప్పుడు మార్చాలి. బెంగళూరులో ఇది చేయకపోతే తిట్టేవాళ్లు. ఇక్కడ తిట్టేవాళ్లు లేరు. నకలు పెట్టడానికి ఇంకొంత చోటు కావాలి, దానికి షావుకారును అడగాలి, ఆయన ఎందుకంటాడు, వివరించాలి. నాకు బద్ధకం. అంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

శ్రావణం ఆఖరున అమావాస్య వస్తుంది. దాని తర్వాత భాద్రపదం, పెళ్లిళ్లు లేవు. అమావాస్య ఒకటి, శూన్యమాసం గుమ్మం ఒకటి, ఇంక పట్టుచీర ఎవడు కొంటాడు? బోర్డు కూడా అక్కర్లేదనుకున్నాను.

ముందురోజు సాయంత్రం ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుంటూ అడిగింది.

"రేపు సెలవు గదప్పా. నువ్వు ఈడ ఏం చేస్తాండావు?"

"సాఫ్ట్‌వేర్ మారుస్తాండా అక్కా. పాతది పోతుంది, కొత్తది వస్తుంది."

"పాతది పోయినాంక కొత్తది కూచోకపోతే?"

"కూచుంటుందిలే."

ఆమె డబ్బా కింద పెట్టింది. "మేము అట్ల చెయ్యమప్పా. కొత్తది మొత్తం అతికినాకనే పాతది లాగేది. పాత పోగు చేతిలో లేకుంటే కొత్త పోగు దేనికి అతికిస్తావు? ఒక పారి మా ఇంటాయన తొందరపడి పాత పడుగు తెంపినాడు. మగ్గం మళ్ల మొదటినుంచి ఎత్తుకోవల్సి వచ్చె. పదైదు దినాలు తిండి లేదు మాకు."

ఆమె చెప్పింది బెంగళూరులో నాకు నేర్పిన పాఠమే. ఎంత చక్కగా చెప్పిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద. అప్పుడు నేను అన్నది ఇది:

"అక్కా, ఇది పడుగు కాదు, సాఫ్ట్‌వేర్. నువ్వు ఒకటి వేసుకో, చాలు."

ఆమె ముఖం చిన్నబోయింది. "అంగడి మూసినామని బోర్డన్నా పెట్టు" అంది మళ్లీ.

"అమావాస్యనాడు ఎవరొస్తారక్కా?"

"అదీ నిజమేలే" అంది. ఆ ఒక్క విషయంలో ఇద్దరమూ ఒకే ఊరివాళ్లం.

మర్నాడు మధ్యాహ్నం తాళం తీసి మేడెక్కాను. బయట ఎండ, వీధిలో కుక్క కూడా లేదు. బటన్ నొక్కాను. నాలుగు నిమిషాలు పట్టింది. అంగడి తెరిచి చూస్తే బొమ్మలన్నీ వచ్చాయి, మొదటి పేజీలో కొత్తగా పెట్టిన చీర ధగధగలాడుతోంది. కుంకుమరంగు ఒళ్లు, నెమలికంఠం అంచు. దాన్ని కొన్నట్టు కొని చూడటానికి ఇంకో అయిదు నిమిషాలు పట్టేది. గార్లదిన్నె వైపు బస్సుకు టైమవుతోంది. తాళం వేసి ఊరికి పోయాను. ఆ సాయంత్రమంతా వాన రాని ఆకాశాన్ని మా నాయన తిడుతుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టాను.

మర్నాడు నేను వచ్చేసరికి ఆమె ముందే వచ్చి ఉంది. ఫోను మోగుతోంది, పెడుతోంది, మళ్లీ మోగుతోంది.

"అప్పా, ఒకే చీరను తొమ్మిదిమంది మాదంటాండారు. కండ్లు తిరుగుతాండాయి నాకు. నువ్వు సూడు."

చూశాను. మొదటి పేజీలోని ఆ కుంకుమరంగు చీర తొమ్మిదిమందికి అమ్ముడుపోయింది. ఒక్కటంటే ఒక్కటే ఉన్న చీర. తొమ్మిదిమందీ సేలం, కోయంబత్తూరు, ఆ వైపు వాళ్లు. ఇంతలో మళ్లీ ఫోను వచ్చింది, ఈసారి నేను తీశాను. ఒక పెద్దాయన, వచ్చీరాని తెలుగులో, "నిండు అమావాస్య, మంచి దినం అని పెళ్లిచీర వాంగినాము సార్, ఎప్పుడు వచ్చును?" అన్నాడు.

తమిళులకు అమావాస్య మంచిరోజు. అది వాళ్లకు పెళ్లిళ్ల నెల కూడా. పాత ఆర్డర్లు తీసి చూశాను. రెండేళ్లుగా ప్రతి అమావాస్యకూ అటువైపు నుంచి చీరలు పోతూనే ఉన్నాయి, కొన్ని నెలల్లో అన్నిటికంటే ఎక్కువగా. ఆ రోజు మేము అంగడి మూసి, ఫోను కట్టేసి, లోకమంతా ధర్మవరమే అనుకుని ఇంట్లో కూర్చునేవాళ్లం. పోనీ మిగతావాళ్లకు తెలియదు. నాకు కంప్యూటర్లో కళ్లముందే ఉంది, రెండేళ్లలో ఒక్కసారి చూడలేదు.

తప్పు ఎక్కడుందో పది గంటలకల్లా దొరికింది. 'ఒక్కటే ఉంది, అమ్మగానే తీసెయ్' అనే నియమాన్ని మొదట్లో నేనే రాశాను, పదకొండు వరుసలు. దాన్ని విడిగా పెట్టాల్సింది, తొందరలో అసలు సాఫ్ట్‌వేర్ లోపలే ఇరికించాను. కొత్తది వచ్చి పాతదాన్ని తుడిచేసినప్పుడు నా పదకొండు వరుసలు కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ దెబ్బకు 'ఎన్ని ఉన్నాయి' అనే గడులన్నీ ఖాళీ అయ్యాయి. గడి ఖాళీగా ఉంటే ఎన్నయినా ఉన్నట్టే లెక్క.

మా అంగడికి ఇంటర్నెట్‌లో చోటు అద్దెకిచ్చే కంపెనీవాళ్లు అమావాస్య తెల్లవారుజామున వాళ్లంతట వాళ్లు తీసిపెట్టిన నకలు ఒకటి ఉంది. నా పుణ్యం కాదు. అది తెరిచాను. చీరల జాబితా పైనుంచి కిందికి జరుపుతూ పోయాను. ప్రతి చీర ఎదుటా ఒకటి. ఒకటి, ఒకటి, ఒకటి. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. చదువుతుంటే ఆమె గొంతే వినిపించింది.

అప్పుడే షావుకారు మెట్లెక్కి వచ్చాడు.

"ఎవురు చేసినార్రా ఈ పని? ఒక చీరను తొమ్మిదిమందికి చుట్టేకి ఇదేమన్నా ద్రౌపది కొంపనా?"

ఆయన వచ్చి నా భుజం మీదుగా తెరలోకి వంగాడు. నేను ఆ జాబితా అప్పటికే మూసేశాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కుంకుమరంగు చీర పేజీ తెరిచి ఉంది. ఆయన ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"ఈడ ఎన్ని ఉండాయని రాసేదెవురు?"

భయమేసింది. బెంగళూరు నుంచి ఒకసారి పోయినవాణ్ని, ఇక్కణ్నుంచి కూడా పోతే మా నాయన ముఖం ఎలా చూడాలన్న భయం. అది నిజమైన భయమే. అయితే ఆమెది నాకంటే పెద్ద భయమని కూడా అదే క్షణాన తెలుసు.

"ఆ గడి నింపేది ఆమె సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ గడి నింపేది ఆమే. ఆ మాటను ఎటునుంచి పట్టుకుని చూసినా అబద్ధం దొరకదు. అంత శుభ్రమైన మాట నా జీవితంలో ఇంకోటి అనలేదు.

ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు, నేను ఇంకా ఏదో చెప్పబోతున్నానని ఎదురుచూస్తున్నట్టు. నేను కీబోర్డు చూసుకున్నాను.

"ఏసినా సార్. ఒకటి ఏసినా. ప్రతిదానికీ ఏస్తా" అంది.

"ఏసింటే ఈడ యాడ ఉండాది? సూపించు. నీకు కనపడితే గదా సూపించేది! గుడ్డిదాన్ని తెచ్చి కుర్చీలో కూచోబెడితే ఇంతే. జాలిపడితే జోలె చేతికొచ్చిందంట." షావుకారు సామెతలకు ఎప్పుడూ తడుముకోడు.

పొమ్మన్నాడు. అయితే వెంటనే కాదు. మొదట కొన్నవాళ్లకు చీర పోతుంది, మిగతా ఎనిమిదిమందికి ఫోన్లు చేసి, తప్పు తనదేనని తన నోటితోనే చెప్పి అప్పుడు పొమ్మన్నాడు. పక్క కుర్చీలో ఆయన కూర్చున్నాడు, సరిగ్గా చెబుతోందో లేదో వినడానికి. ఆమె ఒక్కో నంబరూ ముఖానికి ఆనించుకుని చూసి నొక్కింది. అటువైపు కొందరికి తెలుగు వచ్చు, రానివాళ్లకు పక్కింటివాళ్లు చెప్పారు. "తప్పు నాదేనమ్మా. అంకె నేనే ఏయలేదు." ఎవరో తల్లి, నా బిడ్డ పెళ్లికి మొదటి అపశకునం నువ్వేనని ఏడ్చింది, గది అంతా వినపడింది. "తప్పు నాదేనమ్మా" అంది ఆమె మళ్లీ. ఎనిమిదిసార్లు అంది. ఆ ఎనిమిదిసార్లూ నేను రెండడుగుల దూరంలో కూర్చుని, నా పదకొండు వరుసలు తిరిగి పెడుతున్నాను, ఈసారి విడిగా, పద్ధతిగా.

మధ్యాహ్నానికి ఆమె టిఫిన్ డబ్బా, భూతద్దం సంచిలో వేసుకుని మెట్లు దిగింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేది ఎప్పుడూ. ఆ మధ్యాహ్నమే ఆమె కంప్యూటర్లో అక్షరాలు చిన్నవి చేశాను, ఆ కుర్చీలోకి తర్వాత వచ్చేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని.

ఆ తర్వాత నేను నకలు తీయకుండా ఏ అంగడినీ ముట్టుకోలేదు. గోడమీద మన క్యాలెండరు పక్కనే తమిళ క్యాలెండరు తగిలించాను. బోర్డు పెట్టి, నకలులో పదిసార్లు కొని చూసి, అప్పుడు అసలుదాన్ని మారుస్తాను. మంచిపేరొచ్చింది. ధర్మవరంలో ఇంకో ముగ్గురు షావుకార్లు, పుట్టపర్తిలో లాడ్జీలవాళ్లు, కదిరి అవతల తనకల్లులో విత్తనాలమ్మే ఒకాయన, అందరూ నన్నే పిలుస్తారు. జాగ్రత్తపరుడంటారు. ఎలా చేస్తావని అడిగితే, "కొత్తది మొత్తం అతికినాకే పాతది లాగాలి" అంటాను. నేతగాళ్ల ఊరు కదా, వెంటనే అర్థమవుతుంది, భలే చెప్పినావప్పా అంటారు. ఎవరు చెప్పారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొన్న వేసవిలో ఒక నేతగాడి ఇంటికి వెళ్లాను. ఈమధ్య కొనేవాళ్లు మగ్గం కూడా ఫోటోలో చూపించమంటున్నారు. ఆ ఇంట్లో మగ్గం ఆగి ఉంది, పడుగు అతుకుతున్నారు. మగ్గం వెనకాల, పోగులకు ముఖం ఆనించి కూర్చుని ఉంది ఆమె. ఆమెను చూసి దాదాపు రెండేళ్లయింది. ఆమె చూడటం లేదు, వేళ్లతో తడుముతోంది. పోగు దొరికాక బూడిద అద్దుతోంది, మెలి తిప్పుతోంది. ఇదివరకు రోజులో అయ్యే పడుగు ఇప్పుడు మూడురోజులు పడుతుందనీ, ఇంకెవరూ పిలవరు కాబట్టి తను పిలుస్తున్నాననీ ఆ నేతగాడు ఆమె వినేలాగానే నాతో అన్నాడు.

నా గొంతు విని ఆమె తలెత్తింది. "ఏమప్పా, బాగుండావా?"

"బాగున్నానక్కా."

కాసేపు పోగులు తడిమింది. తర్వాత చేయి ఆపి, "ఒక మాట అడుగుతా, నిజం చెప్తావా?" అంది. "ఆ పొద్దు ఆ చీరకు నేను ఒకటి ఏసినానా, లేదా? ఏసినట్టే మతికి ఉండాది. నోటితో అనుకుంటానే ఏస్తా గదా నేను. అయినా ఏమో, కండ్లు అప్పటికే మోసం చేస్తాండె. నాకు ఇంకెవురి మీదా కోపం లేదప్పా. నా తప్పో కాదో తెలిస్తే చాలు. కూచున్నా పండుకున్నా అదే అడుగుతాది లోపల."

జవాబు నా దగ్గర ఉంది. ఆ జాబితా పైనుంచి కింద దాకా చూసినవాణ్ని ప్రపంచంలో నేనొక్కణ్నే. వేశావక్కా, తప్పు నాది. అంతే మాట. కానీ పక్కనే నేతగాడు నిలబడి వింటున్నాడు. వాడికి తెలిస్తే సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది. జాగ్రత్తపరుడు అన్న పేరు రెండేళ్లు పెంచుకున్నాను.

"ఏమో అక్కా" అన్నాను. "ఆ రోజు నేను చూడలేదు."

ఆమె తల ఊపింది. "అంతేలే. నేనే మర్చిపోయింటా. పాపం, నువ్వు యాడ సూస్తావు, నీ పని నీది." వేళ్లు మళ్లీ పోగుల్లోకి వెళ్లాయి. ఒకటి దొరకలేదు, వెనక్కి వచ్చి మళ్లీ తడిమింది. "ఎండన పడి వచ్చినావు. మజ్జిగ తాగి పోప్పా" అని లోపలికి కేకేసింది.

మజ్జిగ తాగాను. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టినా ఆమెకు కనపడదని చేతికే ఇచ్చి, ఫోటోలు తీసుకుని వచ్చేశాను.